తొమ్మిదింటికి ఇంట్లో, మధ్యలో ఒక కొండ

విజయవాడ గవర్నర్‌పేటలో ఎవరినైనా "ఎప్పుడైనా కొండెక్కారా?" అని అడిగి చూడండి. "అరకు వెళ్ళాం కదండీ, సెలవుల్లో" అంటారు. ఇంకాస్త ఉత్సాహవంతులైతే ఫోన్ తీసి మనాలీ ఫొటోలు చూపిస్తారు. మరి ఇంద్రకీలాద్రి? "అది అమ్మవారి గుడి కదా!" గాంధీ కొండ? "చిన్నప్పుడు బళ్ళో తీసుకెళ్ళారు." మన డాబా ఎక్కి పడమటికి తిరిగితే కళ్ళెదుట కొండలే. అయినా కొండంటే రైలు టిక్కెట్టు తీసుకుని వెళ్ళాల్సిందనే అనుకుంటాం.

మీ జవాబు కూడా ఇదేనా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. సెలవు పెట్టనక్కర్లేదు, హోటలు గది తీసుకోనక్కర్లేదు. ఒక సైకిలు, రెండు సీసాల నీళ్ళు, ఒక ఆదివారం పొద్దున ఉంటే చాలు. సైకిలు మీద కొండ కిందిదాకా వెళ్ళడం, అక్కడ దాన్ని కట్టేసి కాలినడకన పైకెక్కడం, దిగి, మళ్ళీ సైకిలెక్కి ఇంటికి రావడం. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది ఎంత సులువో హైదరాబాదు వాళ్ళకి చెబితే అసూయపడతారు. అక్కడ ట్రాఫిక్ దాటేసరికే సగం పొద్దు పోతుంది.

డెల్టా అంటే చదును నేలే. కానీ బెజవాడ డెల్టాకి గుమ్మం దగ్గరుంది. తూర్పు కనుమల చివరి తునకలు ఇక్కడిదాకా వచ్చి ఆగాయి. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్య సందులోంచి కృష్ణ బయటికొస్తుంది. నది అక్కడ ఇరుకుగా ఉండబట్టే 1852లో మొదలుపెట్టి 1855కి ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మీ ఆదివారపు సైకిలు దాని మీదుగానే వెళ్తుంది.

ముందు వెనక్కి లెక్కపెట్టండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఆ కొండ ఎంత ఎత్తండీ?" అడగాల్సింది అది కాదు. మన కొండలేవీ ఎత్తుతో మనిషిని ఓడించేంతవి కావు. ఓడించేది ఎండ. పైగా కృష్ణ ఒడ్డున గాలిలో తడి ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఆరకపోతే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. పది గంటల ఎండలో అనంతపురంలో నడిచినవాడికీ విజయవాడలో నడిచినవాడికీ ఉన్న తేడా అదే.

అందుకే ఇంటికి ఎన్నింటికి చేరాలో మొదట రాసుకోండి. తొమ్మిది అనుకుందాం. అక్కడినుంచి వెనక్కి రండి. మంగళగిరి తీసుకుంటే, తిరుగు ప్రయాణం సుమారు పదమూడు కిలోమీటర్లు, అలసిన కాళ్ళతో గంట. అంటే ఎనిమిదికి కొండ కింద ఉండాలి. దిగడానికి ఇరవై అయిదు నిమిషాలు, పైన దర్శనానికీ కాసేపు కూర్చోవడానికీ ఇరవై, ఎక్కడానికి నలభై. ఆరూ ముప్ఫై అయిదుకి మెట్ల దగ్గర మొదలుపెట్టాలన్నమాట. వెళ్ళడానికి ఇంకో గంట. పంచరు పడితే అనుకుని ఇరవై నిమిషాలు పక్కన పెట్టుకోండి. అంటే అయిదుంపావుకి గేటు దాటాలి.

ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూడండి. అయిదుంపావుకల్లా లేచి బయటపడటం మీవల్ల కాదనిపిస్తే, మంగళగిరి మానేసి దగ్గరి కొండ పెట్టుకోండి. తొమ్మిదిని మాత్రం పదిన్నర చెయ్యకండి. ధనుర్మాసంలో అయితే ఒక గంట సడలించుకోవచ్చు. జనవరి మొదట్లో సూర్యుడు ఆరూ నలభై ప్రాంతంలో గానీ రాడు, మే చివర్లో అయిదున్నరకే వచ్చేస్తాడు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో కొండల్ని వాటి మానాన వదిలేసి బ్యారేజీ దాకా వెళ్ళి వచ్చెయ్యండి.

ఈ లెక్కతో ఇంకో లాభం ఉంది.

"ఏమండీ, ఆదివారం కూడా పొద్దున్నే పోతారా?"

"తొమ్మిదింటికల్లా టిఫిన్‌కి ఉంటాగా."

మొదటి వారం నమ్మరు. మూడు వారాలు మాట నిలబెట్టుకుంటే నాలుగో వారం "మమ్మల్నీ తీసుకెళ్ళొచ్చుగా" అంటారు. ఎక్కువమంది సైకిళ్ళు మూలన పడేది కాళ్ళు నొప్పెట్టి కాదు. ఇంట్లో రోజూ వాదన పెట్టుకోలేక.

ఏ కొండతో మొదలుపెట్టాలి?

1. మొదటి రెండు వారాలు గుణదల. గవర్నర్‌పేట నుంచి ఏలూరు రోడ్డు పట్టుకుంటే పావుగంట, ఇరవై నిమిషాలు. మేరీమాత కొండకి మెట్లున్నాయి, పైన శిలువ దాకా వెళ్ళొచ్చు. ఫిబ్రవరిలో తిరునాళ్ళ రోజుల్లో ఆ దారిలో కాలు పెట్టే సందుండదు, అప్పుడు వద్దు. మెట్లెక్కినప్పుడు మీ ఊపిరి ఎక్కడ అందకుండా పోతోందో ఇక్కడే తెలుసుకోండి. ఇల్లు దగ్గర కాబట్టి తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

2. గాంధీ కొండ. రైల్వే స్టేషన్ అవతల కనిపించేదే. ఒకప్పుడు దీన్ని ఓర్ కొండ అనేవారు. పైనున్న 52 అడుగుల స్తూపాన్ని 1968 అక్టోబరు 6న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. గేటు వేళలు కనుక్కుని వెళ్ళండి.

3. ఉండవల్లి. ఏడెనిమిది కిలోమీటర్లుంటుంది. ఇక్కడినుంచి కథ మారుతుంది, ఎందుకంటే మొదటిసారి నది దాటుతారు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. తెల్లవారుజామున దాని మీద సైకిలు తొక్కడంలో ఉన్న సుఖం నేను చెప్పినా మీకు నమ్మకం కలగదు. అయితే ఒక్క హెచ్చరిక: ఎదురుగాలి. ఖాళీ నది మీద గాలికి అడ్డు ఉండదు. వెళ్ళేటప్పుడు రెక్కలొచ్చినట్టు వెళ్ళారంటే అది మీ గొప్ప కాదు, గాలి వెనకనుంచి తోసింది. వచ్చేటప్పుడు ఆ బాకీ వసూలు చేస్తుంది. అటువైపు నాలుగంతస్తుల గుహాలయం, లోపల ఒకే రాతిలో తొలిచిన అనంతపద్మనాభుడు. లోపలికి టిక్కెట్టుంది, వేళలున్నాయి. మీరు వేకువనే వెళ్తే బయటినుంచి చూసి రావడమే అవుతుంది. అదీ తక్కువేం కాదు.

4. మంగళగిరి. బ్యారేజీ దాటాక ఉండవల్లి సెంటరు నుంచి ఎర్రబాలెం మీదుగా వెళ్ళే పాత దారి పట్టండి. ఫోన్లో మ్యాపు పెట్టుకుంటే అది ఒక్కోసారి వారధి మీదుగా జాతీయ రహదారి ఎక్కిస్తుంది. లారీల పక్కన సైకిలు తొక్కడం ధైర్యం కిందికి రాదు. పానకాల స్వామి గుడికి మెట్లదారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. మెట్లు 1890లో చెన్నాప్రగడ బలరామదాసు కట్టించారు. మీరు మెట్లెక్కండి. గుడి కొండ మధ్యలోనే ఉంటుంది, శిఖరం మీద గండాలయం. మొదటిసారి గుడి దగ్గరే ఆగిపోండి. సాయంత్రం వెళ్దామనుకునేవాళ్ళకి ఒక మాట: పైగుడిలో సాయంత్రం పూజ ఉండదు, రాత్రి దేవతలు వచ్చి అర్చిస్తారని నమ్మకం. మన లెక్కకి అది కలిసొచ్చేదే. స్వామికి పోసిన పానకంలో సగం ప్రసాదంగా వెనక్కొస్తుంది. ఎక్కి దిగేవాడికి బెల్లం నీళ్ళ కన్నా ఏం కావాలి?

5. కొండపల్లి. దీనికి తొందరపడకండి. మిగతావాటి తర్వాతే ఇది.

ఇంద్రకీలాద్రి పేరు ఎందుకు రాయలేదంటారా? అది మొక్కుకుని ఎక్కాల్సిన కొండ. భక్తుల మధ్య సైకిలు గంట కొట్టుకుంటూ ఘాట్ రోడ్డు ఎక్కాలని చూడకండి.

కొండపల్లి సంగతి కాస్త వివరంగా

గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా దాదాపు ఇరవై కిలోమీటర్లు. దారి మంచిదే గానీ లారీల దారి. ముగ్గురు నలుగురు కలిసి, ఒకరి వెనక ఒకరు, వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండగా వెళ్ళాలి. మధ్యలో అలుపొస్తే ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఆగండి. పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు 2015 నుంచి కృష్ణలో కలిసే పవిత్ర సంగమం అదే.

సైకిలు మీద అంత దూరం భయమైతే? బస్సెక్కి కొండపల్లిలో దిగి కొండ ఒక్కటీ నడవండి. సైకిలు తొక్కకపోతే లెక్కలోకి రాదని ఎవరైనా అంటే, ఆయన్నే ముందు తొక్కమనండి.

పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజుల కాలపు కోట అది. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, 1766లో ఈస్టిండియా కంపెనీ, అందరూ దాని కోసం తలపడ్డారు. ఎందుకో కింద నిలబడితే అర్థం కాదు. పైకెక్కి, ఇటు నది అటు మైదానం ఎంత దూరం కనిపిస్తాయో చూస్తే తెలుస్తుంది. కోటకి ఘాట్ రోడ్డుంది. గేర్ల సైకిలున్నవాళ్ళకి అసలైన పరీక్ష ఇక్కడే.

ఎక్కేటప్పుడు:

మలుపు ఎదురయ్యాక గేరు మార్చకండి, ముందే మార్చండి. చైను మీద బరువు పడ్డాక మారిస్తే కటకటమని తెగినంత పని చేస్తుంది. ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్దది, అంతే. కాలు గబగబా తేలిగ్గా తిరగాలి. తొడల మీద బరువు పడుతోందంటే గేరు ఇంకా తగ్గాలి. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా? అయితే వేగం సరిగ్గా ఉంది. "ఊ", "ఆ" తప్ప రావట్లేదంటే తగ్గించండి. దిగి నడిపించుకుంటూ వెళ్ళడం చిన్నతనమేం కాదు, మనం నడవడానికే కదా వచ్చింది!

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. ప్రమాదాలు జరిగేది ఎక్కేటప్పుడు కాదు. రెండు బ్రేకులూ కలిపి, నొక్కుతూ వదులుతూ రావాలి. ముందుదొక్కటే గట్టిగా నొక్కితే సైకిలు మిమ్మల్ని ముందుకి విసిరేస్తుంది, వెనకదొక్కటే నొక్కితే చక్రం జారుతుంది. కిందిదాకా అదే పనిగా నొక్కిపట్టుకుంటే బ్రేకు కట్టలు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు ముట్టుకోకండి. మలుపు లోపలి అంచున చిన్న కంకర పేరుకుని ఉంటుంది, దాన్ని వదిలేసి రండి. హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కోట లోపల తీరిగ్గా చూడాలంటే గేటు తెరిచే వేళ దాకా ఆగాలి. అప్పుడు తొమ్మిది లెక్క కుదరదు. అందుకే కొండపల్లిని కార్తీకం నుంచి శివరాత్రి లోపు పెట్టుకోండి. దిగాక బొమ్మల కాలనీలో ఒక బొమ్మ కొనుక్కోవచ్చు. ఆ బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్లు ఈ కొండల అడవిలోవే. సంచిలో బొమ్మ విరక్కుండా తువ్వాలు చుట్టండి.

కోట దాటి అడవిలోకి వెళ్ళాలనిపిస్తుంది. అది రిజర్వు ఫారెస్టు, అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. దారి తెలిసిన బృందంతో, అనుమతి తీసుకుని వెళ్ళండి. ఆ అడవి రుచి చూడాలంతే అనుకుంటే మూలపాడు సీతాకోకచిలుకల పార్కు ఉంది.

సైకిలు కొనకముందు

ఒక ఊహ. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టున్న ఒకాయనకి అమెరికాలో ఉన్న కొడుకు డెబ్భై వేలు పెట్టి గేర్ల సైకిలు కొనిపించాడు. సైకిలు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టులో పట్టదు. రోజూ మెట్లమీద మోయాలి. ఆయన మోకాళ్ళకి సైకిలు తొక్కడం కన్నా మొయ్యడమే ఎక్కువైంది. మూడు నెలల తర్వాత దాని హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఇలాంటి సైకిలు మీ వీధిలో లేదని చెప్పగలరా?

కొనేముందు అది ఎక్కడ ఉంటుందో తేల్చుకోండి. వాచ్‌మన్ గది పక్కన జానెడు చోటు అడిగి పెట్టుకుంటే సగం పని అయినట్టే. మొదటి నెల ఇంట్లో పిల్లవాడిదో, తెలిసినవాళ్ళదో పాతది వాడండి. గుణదలకీ ఉండవల్లికీ గేర్లక్కర్లేదు.

సీటు ఎత్తు చూసుకోండి. మనవాళ్ళలో చాలామంది నేలకి రెండు పాదాలూ ఆనేలా సీటు దించుకుంటారు. పడిపోమన్న ధైర్యం వస్తుంది, మోకాళ్ళు పోతాయి. పెడలు కిందికొచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా సాగాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతారు కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు.

ఇక పంచర్లు. మన రోడ్ల పక్కన పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు పుష్కలం. రోడ్డు దిగి మట్టి అంచున సైకిలు ఆపొద్దు. విడి ట్యూబు, టైరు లివర్లు, చిన్న గాలి పంపు సంచిలో ఉండాలి. చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంట్లో ఒకసారి చేసి చూడండి, యూట్యూబులో చూసి ఊరుకోకండి. ఆదివారం ఆరింటికి పంచర్ల కొట్టు తెరిచి ఉండదు. వానాకాలంలో ఇంకో తంటా: నల్లరేగడి దారిలోకి వెళ్తే మట్టి టైరుకీ బ్రేకుకీ మధ్య బిగుసుకుని చక్రం తిరగదు. తారు వదలకండి.

కొండ కింద సైకిలు ఎక్కడ పెట్టాలి? కదలని స్తంభానికి, చక్రంతో పాటు ఫ్రేము కూడా కలిపి తాళం వెయ్యండి. కొబ్బరికాయల కొట్టు ముందు పెట్టి, "అక్కా, కాస్త చూస్తుండండి, అరగంటలో వస్తా" అని చెప్పి, దిగాక అక్కడే ఒక కాయ కొట్టించుకుని నీళ్ళు తాగండి. ఇద్దరికీ లాభమే.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

దాహం వేశాక తాగడం. అప్పటికే ఆలస్యం. ప్రతి పావుగంటకీ రెండు గుక్కలు తాగండి. మంగళగిరి లాంటి పొద్దుకి రెండు లీటర్లు పెట్టుకోండి. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలపండి, ప్యాకెట్టు మొత్తం ఒక లీటరుకి. సగం నీళ్ళలో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. ప్యాకెట్టు లేదా? లీటరు నీళ్ళకి ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పక్కవాడు తికమకగా మాట్లాడుతున్నా, వాంతి చేసుకున్నా, కళ్ళు తిరుగుతున్నా కొండ అక్కడితో ఆపెయ్యండి. నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోసి విసరండి, 108కి ఫోన్ చెయ్యండి.

పరగడుపున వెళ్ళడం. రెండు అరటిపళ్ళు చాలు, కానీ తినే వెళ్ళండి. గుడి కొండల మీద కోతులుంటాయి, పళ్ళ సంచి చేతిలో వేలాడదీసుకుని వెళ్తే అది మీది కాదు.

చెప్పులతో ఎక్కడం. గుడి మెట్లకి పరవాలేదు. రాళ్ళ దారికి మాత్రం మడమ కదలని బూట్లు కావాలి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, మోకాళ్ళు కొంచెం వంచి వెయ్యండి. నిటారు కాళ్ళతో ధబధబా దిగితే మర్నాడు కొట్లో నిలబడలేరు.

గడ్డిలో చెయ్యి పెట్టడం. కనపడని చోట చెయ్యీ కాలూ పెట్టకండి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలు కదలకుండా కర్ర ఆసరాగా కట్టి ఆసుపత్రికి చేర్చండి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది, మంత్రగాడి దగ్గర కాదు.

వాన వెలిసిందని వెంటనే బయల్దేరడం. ఇది మిగతావాటి లాంటి పొరపాటు కాదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడే బుడమేరు ఊరిని ముంచింది. ఆ బుడమేరూ ఈ కొండల నీళ్ళే. మన కొండల వాలుల మీద రాళ్ళు గట్టిగా కనిపిస్తాయి గానీ, వాటి కింద మట్టి నాని ఉంటే ఎప్పుడు కదులుతాయో ఎవరూ చెప్పలేరు. గట్టి వాన పడ్డాక వారం పాటు కొండ అంచుల కిందికి వెళ్ళకండి. పై ఇళ్ళలో ఉండేవాళ్ళు "ఇటు రాకండి బాబూ" అంటే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి. వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు.

ఈ శనివారం సాయంత్రం

ఇవన్నీ చదివి "వచ్చే నెల నుంచి మొదలుపెడదాం" అనుకుంటున్నారా? వద్దు. గుణదలకి అంత ఏర్పాటు అక్కర్లేదు. టైర్లలో గాలి నొక్కి చూడండి. చైనులో రెండు చుక్కల నూనె వేసి పాత గుడ్డతో తుడవండి. సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఒంటరిగా ఉంటే పక్కింటివాళ్ళకి చెప్పండి. ఫోన్ చార్జింగులో పెట్టి అయిదింటికి అలారం పెట్టుకోండి. గాలి పంపు మీకు లేకపోతే శనివారం సాయంత్రమే పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. ఆదివారం అయిదింటికి తలుపు కొడితే పంపు ఇవ్వరు సరికదా, వచ్చే వారం నుంచి మాటలు కూడా ఉండవు.